మార్జిన్ చివర్లో పెట్టండి: ఎక్సెల్ షీటును కాగితం మీద కుదిరేలా ప్రింట్ తీయడం

బెంగళూరులో మారతహళ్ళి దగ్గర మా అపార్ట్‌మెంట్‌లో 96 ఫ్లాట్లు. సగానికి పైగా తెలుగువాళ్ళమే. పోయినేడాది ట్రెజరర్ పని నా మెడకు చుట్టారు. ఏడాది చివర మీటింగులో ఫ్లాట్ల వారీ మెయింటెనెన్స్ లెక్కను ప్రింట్ తీసి అందరికీ పంచాలి. ఎక్సెల్‌లో లెక్కంతా పైసాతో సహా సరిగ్గా ఉంది. మీటింగుకు అరగంట ముందు పెన్‌డ్రైవ్ పట్టుకుని వీధి చివరి జిరాక్స్ షాపుకు వెళ్ళి, "ఇరవై సెట్లు కొట్టు తమ్ముడూ" అన్నాను.

"అన్నా, సెట్టుకు ఆరు పేజీలు వస్తున్నాయి. కొట్టేదా?" అని అడిగాడు. తొందరలో సరే అన్నాను.

మీటింగులో సి బ్లాకు మాస్టారు, కడప జిల్లాలో పనిచేసి రిటైరైన పెద్దాయన, కాగితాలు ముందుకూ వెనక్కూ తిప్పి అడిగారు: "నాయనా, నా పేరేమో మొదటి కాగితంలో ఉంది, నా బాకీ నాలుగో కాగితంలో ఉంది. రెండూ ఎట్లా కలుపుకోవాలా?" ఆ రోజు లెక్క ఎవరూ చూడలేదు. అందరూ కాగితాలు సర్దుకుంటూనే ఉండిపోయారు.

ఇంటికొచ్చి మార్జిన్ల (కాగితం అంచుల్లో వదిలే ఖాళీల) మీద పడ్డాను. తక్కువ ఖాళీ వదిలే నారో కొలత పెట్టాను, ఇంకా తగ్గించాను, అయినా బాకీ కాలమ్ రెండో కాగితం వదల్లేదు. తర్వాత అర్థమైంది, నేను తప్పు చివర నుంచి మొదలుపెట్టానని. మార్జిన్ చివర్లో చేయాల్సిన పని. కాగితం సైజు, దాన్ని నిలువుగా వాడాలా అడ్డంగా వాడాలా, ఏ భాగం ప్రింట్ కావాలి, ఎంత కుదించాలి, ఇవి తేలాక మార్జిన్ దగ్గరికి రావాలి. అప్పుడు కూడా షీటును కాదు, ఆ కాగితాన్ని ఎవరు ఏం చేస్తారో చూసి పెట్టాలి.

ముందు కాగితం

పైన పేజ్ లేఅవుట్ ట్యాబ్‌లోకి వెళ్ళి సైజ్ నొక్కండి. అక్కడ లెటర్ అని ఉంటే ఎ4కి మార్చండి. మన దగ్గర షాపుల్లో, ఆఫీసుల్లో ఉండేది ఎ4, అంటే 21 × 29.7 సెంటీమీటర్లు. లెటర్ అమెరికా సైజు, 21.6 × 27.9. చూడ్డానికి రెండూ ఒకలాగే ఉంటాయి కానీ లెటర్‌కి పెట్టిన కొలతలు ఎ4 మీద సరిగ్గా కూర్చోవు. బయటి నుంచి ఈమెయిల్‌లో వచ్చిన ఫైళ్ళలో ఈ తేడా ఎక్కువగా దొరుకుతుంది.

తర్వాత ఓరియెంటేషన్, అంటే కాగితం నిలువా అడ్డమా అన్నది. ఇక్కడ చిన్న లెక్క చూడండి. ఎక్సెల్ మామూలుగా ఇచ్చే నార్మల్ మార్జిన్లు ఎడమా కుడీ 1.8 సెం.మీ., పైనా కిందా 1.9 సెం.మీ. నిలువు ఎ4లో కాలమ్‌లకు మిగిలే వెడల్పు 17.4 సెం.మీ. నార్మల్ తీసేసి నారో పెడితే మీకు కలిసొచ్చేది రెండు వైపులా కలిపి సుమారు 2.3 సెం.మీ. అదే కాగితాన్ని అడ్డం తిప్పితే, అంటే ల్యాండ్‌స్కేప్ పెడితే, కలిసొచ్చేది 8.7 సెం.మీ. నేను గంటసేపు మార్జిన్లతో చేసిన కుస్తీ ఈ ఒక్క క్లిక్కు ముందు ఎందుకూ పనికిరాదు.

మీ షీటు ఎంత వెడల్పుందో చూడాలంటే వ్యూ ట్యాబ్‌లో పేజ్ లేఅవుట్ నొక్కండి. పైన స్కేలు కనిపిస్తుంది. మా షీటు 34 సెం.మీ. ఉంది: ఫ్లాట్ నంబరు, పేరు, పన్నెండు నెలలు, మొత్తం, కట్టింది, బాకీ. 17.4లో 34 పట్టదు కాబట్టి రెండు కాగితాల వెడల్పు, హెడింగులూ అవీ కలిపి 99 వరుసలు కాబట్టి మూడు కాగితాల పొడవు, మొత్తం ఆరు. పైగా ఎక్సెల్ ముందు కిందికి దిగి, తర్వాత పక్కకు జరుగుతుంది. అందుకే మొదటి కాగితం పక్క భాగం నాలుగో కాగితంలో తేలింది. మాస్టారి తప్పేమీ లేదు.

ఒక హెచ్చరిక: ఫ్రీజ్ పేన్స్ (కిందికి జరిపినా హెడింగులు కదలకుండా ఉంచేది) పెట్టిన షీటును ఈ పేజ్ లేఅవుట్ వ్యూలోకి తీసుకెళ్తే ఆ ఫ్రీజ్ పోతుంది. మళ్ళీ పెట్టుకోవాలి.

ఏది ప్రింట్ కావాలి

ప్రింట్ కావాల్సిన భాగాన్ని మౌస్‌తో సెలెక్ట్ చేసి, పేజ్ లేఅవుట్‌లో ప్రింట్ ఏరియా, సెట్ ప్రింట్ ఏరియా నొక్కండి. ఇది చేయకపోతే పక్కన ఎక్కడో మనం గీసుకున్న చిత్తు లెక్కలు కూడా ప్రింటైపోతాయి. ఖాళీ పేజీలు వస్తున్నాయంటే కంట్రోల్ + ఎండ్ నొక్కి చూడండి. కర్సర్ ఎక్కడో దూరంగా పోయి ఆగితే, అక్కడ దాకా ఒక స్పేసో, గీతలో మిగిలిపోయాయన్నమాట.

రెండో పేజీ నుంచి పైన హెడింగులు లేకపోతే ఏ అంకె ఏ నెలదో తెలియదు. పేజ్ లేఅవుట్‌లోనే ప్రింట్ టైటిల్స్ నొక్కి, రోస్ టు రిపీట్ ఎట్ టాప్ అనే గడిలో క్లిక్ చేసి, షీటులో హెడింగు వరుసలు సెలెక్ట్ చేయండి. కంట్రోల్ + పి స్క్రీన్ కింద ఉండే పేజ్ సెటప్ లింకు ద్వారా వస్తే ఈ గడి మసకగా ఉండి పనిచేయదు. నేను దీని మీద ఒక సాయంత్రం తగలేశాను. పేజ్ లేఅవుట్ ట్యాబ్ నుంచే రండి.

ఎంత కుదించాలి

కంట్రోల్ + పి నొక్కితే సెట్టింగుల్లో ఆఖరున నో స్కేలింగ్ అని ఉంటుంది. దాన్ని నొక్కితే మూడు దారులు కనిపిస్తాయి. అందరి చెయ్యీ మొదట పోయేది ఫిట్ షీట్ ఆన్ వన్ పేజ్ మీదికి. పెద్ద షీటుకు అది పెట్టకండి. మా 96 వరుసలే తీసుకోండి. మామూలు వరుస ఎత్తు 15 పాయింట్లు, అంటే అరసెంటీమీటరు పైన. 96 వరుసలు కలిపి దాదాపు 51 సెం.మీ. అడ్డం తిప్పిన ఎ4లో మనకు దొరికే ఎత్తు 17 సెం.మీ. అన్నీ ఒకే పేజీలోకి తొయ్యమంటే ఎక్సెల్ దాదాపు 33 శాతానికి కుదిస్తుంది. 11 పాయింట్ల అక్షరం నాలుగు పాయింట్ల లోపుకి పడిపోతుంది. చీమల బారులా ఉంటుంది. ఇదేంటని ఎక్సెల్ ఒక్క మాట కూడా అడగదు, 10 శాతం దాకా కుదించుకుంటూ పోతుంది.

మనకు కావాల్సింది ఫిట్ ఆల్ కాలమ్స్ ఆన్ వన్ పేజ్. కాలమ్‌లన్నీ ఒక కాగితం వెడల్పులో ఉంటాయి, వరుసలు మాత్రం ఎన్ని పేజీలైనా పోతాయి. మాకు ఇది 77 శాతం దగ్గర కుదిరింది. అక్షరం ఎనిమిదిన్నర పాయింట్లు. కళ్ళజోడుతో మాస్టారు చదవగలరు.

నా లెక్కలో 70 శాతం కిందికి పోతే కుదించడం ఆపి, కాలమ్‌లు తగ్గించడం గురించి ఆలోచించాలి. తెలుగులో పేర్లు రాసుకునేవాళ్ళు ఇంకా ముందే ఆగాలి. ఇంగ్లీషు అక్షరం ఏడు పాయింట్లలోనూ ఎలాగో చదవచ్చు, మన ఒత్తులూ గుడులూ ఆ సైజులో ఒకదాన్నొకటి మింగేస్తాయి. మేము పన్నెండు నెలల బదులు నాలుగు త్రైమాసికాలు చేద్దామనుకున్నాం కానీ, ఏ నెల కట్టలేదో కనబడాలని సెక్రటరీ పట్టుబట్టారు.

ఇంకొక మెలిక ఉంది. పేజీ ఎక్కడ తెగాలో మీరు చేత్తో పెట్టుకున్న పేజ్ బ్రేకులను ఈ ఫిట్ పద్ధతి పట్టించుకోదు. ఎ బ్లాకు ఒక పేజీ, బి బ్లాకు ఒక పేజీ అని విడగొట్టుకోవాలంటే ఫిట్ వదిలేసి, పేజ్ లేఅవుట్‌లో స్కేల్ దగ్గర 75 శాతమో ఎంతో మీరే వేయండి.

ఇప్పుడు మార్జిన్

పేజ్ లేఅవుట్‌లో మార్జిన్స్ నొక్కితే నార్మల్, వైడ్, నారో అని మూడు రెడీమేడ్ కొలతలు ఉంటాయి. కీబోర్డు అలవాటున్నవాళ్ళు ఆల్ట్, పి, ఎం వరసగా నొక్కినా వస్తుంది. నారో అంటే పక్కల 0.64 సెం.మీ. మాత్రమే. చేతిలో పట్టుకుని చూసి పారేసే కాగితానికి అది చాలు. ఫైలు చేసే కాగితానికైతే అన్నిటికన్నా కింద ఉన్న కస్టమ్ మార్జిన్స్ నొక్కండి. ఆరు గడులు కనిపిస్తాయి: టాప్, బాటమ్, లెఫ్ట్, రైట్, హెడర్, ఫుటర్.

ఆ గడుల్లో అంకె ఉంటుంది, దాని పక్కన కొలమానం ఉండదు. సెంటీమీటర్లా అంగుళాలా అన్నది విండోస్‌లో రీజియన్ సెట్టింగులను బట్టి ఉంటుంది. కనిపెట్టడం తేలికే. మీరేమీ ముట్టుకోని కొత్త షీటులో టాప్ దగ్గర 1.9 ఉంటే సెంటీమీటర్లు, 0.75 ఉంటే అంగుళాలు. ఇది చూసుకోకుండా అర అంగుళం అనుకుని 0.5 కొడితే అర సెంటీమీటరు పడుతుంది, అంచులో అక్షరాలు తెగొచ్చు. మాకు అమెరికా కంపెనీలిచ్చిన లాప్‌టాప్‌లు ఎక్కువ కాబట్టి, ఒకే ఫైలు ఒకరి దగ్గర 1.9, ఇంకొకరి దగ్గర 0.75 చూపిస్తుంది. ఇద్దరూ ఫోన్‌లో కొలతలు చెప్పుకుంటే గొడవే. ఇకపై అన్నీ సెంటీమీటర్లలోనే చెబుతాను.

ఏ కొలత పెట్టాలి? ఇక్కడ కంప్యూటర్ పక్కన పెట్టి కాగితం గురించి ఆలోచించండి.

నోటీసు బోర్డుకు గుచ్చే కాగితమైతే నాలుగు వైపులా 1.2 చాలు. గుండుసూది మూలన గుచ్చుతారు కాబట్టి అంకెలకు తగలదు.

ఫైలులో పెట్టేదైతే పంచింగ్ మిషన్ లెక్క తీయాలి. ఎవెన్యూ రోడ్డులో కొన్న మామూలు రెండు రంధ్రాల పంచ్ తీసుకుని స్కేలు పెట్టి కొలవండి. రంధ్రం మధ్య భాగం కాగితం అంచు నుంచి 1.2 సెం.మీ. దూరంలో, రంధ్రం వెడల్పు 0.6 సెం.మీ. ఉంటాయి. అంటే అంచు నుంచి సెంటీమీటరున్నర దాకా రంధ్రం తినేస్తుంది. ఆపైన ఫైలు తెరిచినప్పుడు కాగితం మడత పడే చోటు కొంత. అందుకే పంచ్ పడే వైపు 2.5 పెడతాను. 2 పెట్టినా బతుకుతుంది కానీ ఫైలు లావెక్కేకొద్దీ మొదటి కాలమ్ లోపలికి పోతుంది.

పంచ్ పడేది ఏ వైపు? నిలువు కాగితానికి ఎడమ వైపు, సందేహం లేదు. అడ్డం కాగితం దగ్గరే అందరూ బోల్తా పడతారు. ఫైలులో పెట్టినప్పుడు రంధ్రాలు కాగితం పొడవు అంచునే పడతాయి. అడ్డం తిప్పిన షీటులో ఆ పొడవు అంచు ఎడమన కాదు, పైన ఉంటుంది. కాబట్టి ల్యాండ్‌స్కేప్ షీటుకు 2.5 పెట్టాల్సింది టాప్ గడిలో. నేను అలవాటుగా లెఫ్ట్ గడిలో పెట్టి, పైన అసోసియేషన్ పేరు మధ్యలోంచి రంధ్రాలు పొడిచాను. ఆడిటరు ఏమీ అనలేదు, నవ్వారంతే.

మా షీటుకు చివరికి కుదిరిన కొలతలు ఇవి: టాప్ 2.5, బాటమ్ 1.5, లెఫ్ట్ 1.2, రైట్ 1.2. వెడల్పు 27.3 సెం.మీ. దొరికింది, కుదింపు 77 నుంచి 80 శాతానికి మెరుగైంది. ఆరు కాగితాలు మూడయ్యాయి.

ఇక హెడర్, ఫుటర్ గడులు, అంటే ప్రతి పేజీ పైనా కిందా పడే వరుసలకు. వీటిలోని కొలత కాగితం అంచు నుంచి, షీటు నుంచి కాదు. ఎక్సెల్ మామూలుగా 0.8 ఇస్తుంది. బాటమ్ 1.5, ఫుటర్ 0.8 ఉంటే మధ్యలో మిగిలే 0.7లో ఒక వరుస పేజీ నంబరు హాయిగా పడుతుంది. కక్కుర్తిపడి బాటమ్‌ను 1కి తగ్గిస్తే పేజీ నంబరు పోయి ఆఖరి వరుస మీద ఎక్కుతుంది. ఎక్సెల్ దాన్ని అడ్డుకోదు. పైన పంచ్ ఉంది కాబట్టి హెడర్‌ను 1.7 పెట్టాను, రంధ్రాల కింద నుంచి మొదలవుతుంది.

అదే డబ్బాలో హెడర్/ఫుటర్ ట్యాబ్‌లో కస్టమ్ ఫుటర్ నొక్కి పేజీ నంబరు, మొత్తం పేజీల బటన్లు వాడండి. మూడు కాగితాల్లో ఒకటి జారిపోతే తెలియాలంటే మొత్తం కూడా కావాలి. హెడర్‌లో "రిపేర్ & మెయింటెనెన్స్" లాంటిది రాస్తే ఆ & గుర్తు మాయమవుతుంది. రెండుసార్లు, && అని కొడితే ఒకటి మిగులుతుంది.

మళ్ళీ మార్జిన్స్ ట్యాబ్‌కి వస్తే కింద సెంటర్ ఆన్ పేజ్ అని రెండు టిక్కులుంటాయి. హారిజాంటల్లీ పెట్టండి. వర్టికల్లీ వద్దు, ఆఖరి పేజీలో పది వరుసలే మిగిలితే అవి కాగితం నడుమ వేలాడతాయి.

ఎంత తగ్గించాలన్నా ప్రింటరుకు ఒక హద్దుంది. మామూలు ప్రింటర్లు అంచున 3 నుంచి 5 మిల్లీమీటర్ల మేర సిరా వేయలేవు. మార్జిన్ సున్నా పెడితే ఆ మేరకు అక్షరాలు తెగిపోతాయి. నేను ఏ వైపూ 0.6 కిందికి పోను. జిరాక్స్ షాపు మిషన్ ఏదో మనకు తెలియదు కాబట్టి అక్కడికి వెళ్ళేవాటికి 1 కన్నా తగ్గించను.

రెండు వైపులా ప్రింట్ తీసి ఫైలు చేద్దామనుకుంటే ఒక చిక్కు. వర్డ్‌లో ఉండే మిర్రర్ మార్జిన్స్ (వెనక పేజీకి ఎడమ, కుడి ఖాళీలను తారుమారు చేసే సదుపాయం) ఎక్సెల్‌లో లేవు. వెనక పేజీలో పంచ్ ఎదుటి వైపు పడుతుంది కాబట్టి రెండు అంచులకూ 2.5 ఇచ్చుకోవాలి. కాగితం మిగిల్చి చోటు పోగొట్టుకోవడం నాకు లాభంగా అనిపించలేదు, ఫైలు కాపీ ఒకవైపే తీస్తాను.

కొలతలు రాయడం విసుగనిపిస్తే కంట్రోల్ + పి తెరలో కుడి కింద మూలన షో మార్జిన్స్ అనే చిన్న గుర్తు నొక్కండి. ప్రివ్యూ మీద గీతలు వస్తాయి, వాటిని మౌస్‌తో లాగొచ్చు. తొందర పనికి బాగుంటుంది. పంచ్ లాంటి కచ్చితమైన అవసరానికి అంకెలే నమ్మాలి.

మార్జిన్లు షీటు షీటుకూ వేరుగా ఉంటాయని మర్చిపోకండి. వాటర్ ట్యాంకర్లు, డీజిల్, లిఫ్ట్ అంటూ మాకు ఏడు షీట్లు. కంట్రోల్ పట్టుకుని కింద ట్యాబ్‌లన్నీ సెలెక్ట్ చేసి ఒకేసారి కస్టమ్ మార్జిన్స్ పెట్టొచ్చు. పని కాగానే ఏదో ఒక ట్యాబ్ మీద రైట్ క్లిక్ చేసి అన్‌గ్రూప్ షీట్స్ నొక్కండి. మర్చిపోయి ఒక గడిలో అంకె కొడితే అది ఏడు షీట్లలోనూ అదే గడిలో కూర్చుంటుంది. పాత అంకె పోయినట్టు కూడా తెలియదు.

గూగుల్ షీట్స్, లిబ్రాఫీస్ వాడేవాళ్ళకు

గూగుల్ షీట్స్‌లో అన్నీ ప్రింట్ తెరలోనే ఉంటాయి. కంట్రోల్ + పి నొక్కితే కుడివైపు పేపర్ సైజ్, ఓరియెంటేషన్, స్కేల్, మార్జిన్స్ వరసగా కనిపిస్తాయి. స్కేల్‌లో ఫిట్ టు విడ్త్ పెట్టండి. మార్జిన్స్‌లో కస్టమ్ నంబర్స్ ఎంచుకుంటే ప్రివ్యూ చుట్టూ నాలుగు గడులొస్తాయి. హెడింగు ప్రతి పేజీలో రావాలంటే ముందే షీటులో ఆ వరుసలను ఫ్రీజ్ చేసి ఉండాలి. తర్వాత నెక్స్ట్ నొక్కితే బ్రౌజరు సొంత ప్రింట్ డబ్బా వస్తుంది. అందులో మళ్ళీ స్కేల్ మార్చకండి, రెండు కుదింపులు ఒకదాని మీద ఒకటి పడతాయి.

లిబ్రాఫీస్ కాల్క్‌లో ఫార్మాట్ మెనూలో పేజ్ స్టైల్, అందులో పేజ్ ట్యాబ్. ఇక్కడ కొలత పక్కనే కొలమానం కూడా చూపిస్తుంది, ఎక్సెల్ కన్నా ఈ విషయంలో నయం. మిర్రర్ లేఅవుట్ కూడా ఉంది. కుదింపు షీట్ ట్యాబ్‌లో ఉంటుంది: వెడల్పు 1 పేజీ, ఎత్తు ఖాళీగా వదలండి. మార్చేది షీటును కాదు, స్టైల్‌ను. ఆ స్టైల్ వాడే షీట్లన్నీ మారిపోతాయి. హెడర్, ఫుటర్ మామూలుగానే ఆన్‌లో ఉండి షీటు పేరు, పేజీ నంబరు వేస్తాయి. అక్కర్లేకపోతే ఆపేస్తే చోటు కలిసొస్తుంది.

షాపుకు వెళ్ళేముందు

ఎక్సెల్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్ళకండి. ఇంట్లో చక్కగా కుదిరిన షీటు అక్కడి కంప్యూటర్లో వేరే ప్రింటరు, వేరే ఫాంట్లతో తెరుచుకుంటే కాలమ్ వెడల్పులు కొంచెం కదిలి, ఒక్క కాలమ్ పక్క పేజీలోకి దూకుతుంది. తెలుగు ఫాంటు లేకపోతే మొత్తం డబ్బాలే. ఫైల్ మెనూలో సేవ్ యాజ్‌కి వెళ్ళి పీడీఎఫ్ చేసి, పేజీలు లెక్కపెట్టుకుని, అదే తీసుకెళ్ళండి.

షాపులో పీడీఎఫ్ ప్రింట్ కొట్టేటప్పుడు యాక్చువల్ సైజ్ ఎంచుకోమని చెప్పండి. ఫిట్ ఉంటే మిషన్ తన హద్దు కోసం పేజీనంతా ఇంకొంచెం కుదిస్తుంది, మీ 2.5 కొలత మారిపోతుంది. ముందు ఒక్క సెట్టే తీయించి, పంచ్ పడే వైపు స్కేలు పెట్టి చూసుకుని, తర్వాత మిగతావి కొట్టించండి.

ఈ ఏడాది అలాగే చేశాను. సెట్టుకు మూడు పేజీలు. మీటింగులో మాస్టారు కాగితం తీసుకుని తన పేరు మీద వేలు పెట్టి, కుడివైపు చివరి దాకా జరుపుకుంటూ పోయి, బాకీ సున్నా అని చూసుకుని, పేజీ తిప్పారు.

"ఏం నాయనా, నీళ్ళ ట్యాంకర్లకి ఇంతయిందా?"

మిగతా గంటన్నర మీటింగు దాని మీదే నడిచింది.